‘(ఎ) నుంచి (ఇ) వరకు’: పార్లమెంటు ప్రశ్నోత్తరాలను ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

పార్లమెంటులో వ్యవసాయం మీద ఎంపీలు అడిగే ప్రశ్నలు, మంత్రులు ఇచ్చే రాతపూర్వక జవాబులు చదవడం నా పనిలో భాగమై చాలా ఏళ్లయింది. నాసిరకం విత్తనం వల్లో, కల్తీ పురుగుమందు వల్లో పంట పోయిన రైతుల కేసులు చూసే న్యాయవాదిని. సమావేశాలు జరిగే రోజుల్లో మంగళవారం సాయంత్రం నాకు వేరే పని పెట్టుకోను. లోక్‌సభలో వ్యవసాయ శాఖ వంతు ఆ రోజే వస్తుంది, జవాబులు కూడా ఆ సాయంత్రానికి పార్లమెంటు వాళ్ల సంసద్ సైట్‌లో పడతాయి. ఇంతకాలం వాడాక ఈ వ్యవస్థ మీద నాకు గౌరవం ఉంది. దానికి మించిన కోపం కూడా ఉంది. ఆ కోపమంతా ఒక్క అలవాటు మీదే. ప్రశ్నలో ఐదు భాగాలుంటే, జవాబు ‘(ఎ) నుంచి (ఇ) వరకు’ అని మొదలై అన్నిటికీ కలిపి ఒకే పేరాగా వస్తుంది.

స్టార్డ్ ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబిస్తారు, అన్‌స్టార్డ్ ప్రశ్నకు జవాబు కాగితం మీదే వస్తుంది. అంతకుమించి వివరాల్లోకి వెళ్లను. ఒక్క లెక్క మాత్రం గుర్తుంచుకోవాలి. లోక్‌సభలో రోజుకి 20 స్టార్డ్ ప్రశ్నలు, 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు జాబితాలోకి వస్తాయి. అంటే మనకు దొరికే సమాచారంలో అధిక భాగం అన్‌స్టార్డ్ జవాబుల్లోనే ఉంటుంది. అక్కడ మంత్రి లేచి నిలబడి మాట్లాడేది లేదు, ఎంపీ వెంటనే ఎదురు ప్రశ్న వేసేదీ లేదు. కాగితం మీద ఏది వచ్చిందో అదే చివరి మాట.

ముందు మంచి చెప్తాను, ఎందుకంటే అది నిజమైన మంచి. ఈ జవాబులకు అనుబంధంగా వచ్చే పట్టికలు నా వృత్తి జీవితంలో దొరికిన గొప్ప సాయం. ఏ రాష్ట్రంలో ఎన్ని విత్తన నమూనాలు తీశారు, ఎన్ని నాసిరకమని తేలాయి, ఎందరికి నోటీసులు ఇచ్చారు, ఎన్ని కేసుల్లో ప్రాసిక్యూషన్ మొదలుపెట్టారు అన్నది రాష్ట్రాలవారీగా ఒకేచోట ఉంటుంది. ఇదే సమాచారం కోసం సమాచార హక్కు చట్టం కింద జిల్లా జిల్లాకీ దరఖాస్తు పెడితే ఎన్ని నెలలు పడుతుందో ఆ పని చేసినవాళ్లకు తెలుసు. వినియోగదారుల కమిషన్ ముందు ఒకసారి ఇలాంటి పట్టికే దాఖలు చేశాను. నాసిరకం విత్తనం అనేది రైతు ఊహించుకున్న కథ కాదు, సాక్షాత్తూ కేంద్ర మంత్రి సభకు ఇచ్చిన లెక్కల్లోనే ఉంది అని చెప్పగలిగాను. ఎదుటి పక్షం లాయరు ఆ కాగితం మీద పెద్దగా వాదించలేకపోయారు. 2012లో జాతీయ విత్తన సంస్థకీ ఆంధ్రప్రదేశ్ రైతులకీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని తేల్చిన తర్వాత మా పని కొంత సులువైంది. ఆ దారిలో పార్లమెంటు పట్టికలు మంచి తోడు.

కానీ వినియోగదారుల కమిషన్‌లో వచ్చేది పరిహారం మాత్రమే. రైతు అడిగే రెండో ప్రశ్న ఇంకొకటి ఉంటుంది: “వాడి మీద కేసు పెట్టారు కదండీ, శిక్ష పడిందా?” ఈ ప్రశ్నకు దేశం మొత్తం మీద లెక్క ఎక్కడైనా దొరుకుతుందా అని వెతికాను. పాత జవాబులన్నీ తిరగేశాను. ప్రాసిక్యూషన్ మొదలైన కేసుల సంఖ్య దగ్గరే పట్టిక ఆగిపోతోంది. అందుకని ఒక ఎంపీ ఆఫీసుకు వెళ్లి, అక్కడి సిబ్బందితో కూర్చుని ప్రశ్న రాయించాను. వాళ్లు ఎంతో ఓపికగా సాయం చేశారు, ఆ సంగతి ఇక్కడ చెప్పి తీరాలి.

ప్రశ్న ఐదు భాగాలు. (ఎ) గత మూడేళ్లలో తీసిన విత్తన, పురుగుమందు నమూనాలు ఎన్ని. (బి) అందులో ప్రమాణాలకు తగ్గట్టు లేనివి ఎన్ని. (సి) ప్రాసిక్యూషన్ మొదలైనవి ఎన్ని. (డి) వాటిలో తీర్పు వచ్చినవి ఎన్ని, శిక్ష పడినవి ఎన్ని. (ఇ) విచారణ ఆలస్యం కావడానికి కారణాలేమిటి, అందుకు ప్రభుత్వం ఏం చేస్తోంది.

లాటరీలో అన్‌స్టార్డ్‌గా వచ్చింది. జవాబు పడిన సాయంత్రం టెన్షన్‌తో ఫైలు తెరిచాను. ‘(ఎ) నుంచి (ఇ) వరకు’ అని ఉంది. వ్యవసాయం రాష్ట్రాల అంశమని మొదటి వాక్యం. చట్టాల కింద చర్య తీసుకునే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలు నియమించిన ఇన్‌స్పెక్టర్లకు ఉందని తర్వాత వాక్యం. వివరాలు అనుబంధంలో ఉన్నాయని ఆఖరి వాక్యం. అనుబంధం తెరిస్తే మూడు అంకెలే ఉన్నాయి: నమూనాలు, నాసిరకం, ప్రాసిక్యూషన్లు. (డి) లేదు. (ఇ) లేదు. లేవని చెప్పిన వాక్యం కూడా లేదు.

నా బాధ సమాచారం రాకపోవడం గురించి మాత్రమే కాదు. ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అని రాసి ఉంటే, పార్లమెంటు పద్ధతి ప్రకారం అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే ప్రభుత్వ హామీల కమిటీ వెంటపడుతుంది. లోక్‌సభలో ఆ కమిటీ 1953 నుంచి ఉంది. ‘ఇలాంటి సమాచారం కేంద్రం దగ్గర ఉండదు’ అని రాసి ఉంటే, ఆ వాక్యాన్నే పట్టుకుని ఎందుకు ఉండదు అని తర్వాతి ప్రశ్న వేయొచ్చు, హైకోర్టులో పిటిషన్‌కు జతచేయొచ్చు. ఐదు భాగాలనూ ఒకే పేరాలో కలిపేసరికి రెండు దారులూ మూసుకుపోయాయి. హామీ ఇవ్వలేదు, లేదనీ అనలేదు. రికార్డులో మాత్రం ఐదు భాగాలకూ జవాబు ఇచ్చినట్టే ఉంటుంది. అడిగింది పోయిందని కనిపెట్టాలంటే ప్రశ్నను, జవాబును పక్కపక్కన పెట్టుకుని వేలుతో గీత గీసినట్టు చదవాలి. అంత తీరిక ఎంతమందికి ఉంటుంది?

(డి) ఎందుకంత ముఖ్యమో న్యాయవాది కానివాళ్ల కోసం చెప్పాలి. 1966 నాటి విత్తనాల చట్టంలో మొదటి నేరానికి జరిమానా 500 రూపాయల వరకే. రెండోసారి అయితే ఆరు నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పురుగుమందుల విషయంలో 1968 చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారం ఇచ్చినవాళ్లు గానీ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ప్రాసిక్యూషన్ మొదలవుతుంది. ఆ అనుమతి ఫైలు తిరిగి వచ్చేలోపు మందు గడువు తీరిపోతే ఇంకో చిక్కు. నమూనాను కేంద్ర ప్రయోగశాలలో మళ్లీ పరీక్ష చేయించుకునే హక్కు నిందితుడికి ఉంది. గడువు దాటాక ఆ పరీక్షకు అర్థం ఉండదు కాబట్టి కేసు నిలబడదని 1999లోనే హరియాణా నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ‘ఇన్ని ప్రాసిక్యూషన్లు’ అన్న అంకె ఎంత పెద్దదైనా, వాటిలో ఎన్ని ఆలస్యం వల్లే కొట్టుకుపోయాయో తెలియకపోతే రైతుకు ఆ అంకెతో పనేముంది? నమూనా తీసిన ఏఓ (వ్యవసాయ అధికారి) కష్టపడి రాసిన పంచనామా కూడా వృథా అయినట్టే కదా. పట్టికలను నేను పొగిడిన మాట వెనక్కి తీసుకోను. అవి సగం దారి వరకే తీసుకెళ్తాయి, మిగతా సగం దగ్గరే అసలు సంగతి ఉంది.

శిక్షల లెక్క ఇవ్వడం సాధ్యం కాదా అంటే, సాధ్యమే. 2025 మార్చిలో రాజ్యసభకు ఆర్థిక శాఖ ఇచ్చిన జవాబు చూడండి. ఎంపీలు, ఎమ్మెల్యేలు, రాజకీయ నాయకుల మీద పదేళ్లలో ఈడీ పెట్టిన కేసులు 193, శిక్షలు పడినవి 2 అని సూటిగా వచ్చింది. రాష్ట్రాలవారీ లెక్క ఉంచడం లేదని కూడా అందులోనే చెప్పారు. ఆ రెండు అంకెల మీద దేశమంతా చర్చ జరిగింది. ఏది ఉందో, ఏది లేదో విడివిడిగా చెప్తే జనం తమకు తోచిన అర్థం తీసుకుంటారు. నేను అడిగేది కూడా అంతే. ఈడీ ఒకే కేంద్ర సంస్థ, విత్తన కేసులు వందల కోర్టుల్లో చెదిరి ఉంటాయి, రెండూ ఒకటి కావు, ఆ తేడా నాకు తెలుసు. అయినా ‘మా దగ్గర లేదు’ అన్న ఒక్క వాక్యానికి వందల కోర్టులు తిరగక్కర్లేదు.

2021 నవంబరు 30న వచ్చిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తే. సాగు చట్టాల మీద జరిగిన ఉద్యమంలో చనిపోయిన రైతుల గురించి అడిగితే, తమ దగ్గర రికార్డు లేదు కాబట్టి ప్రశ్న ఉత్పన్నం కాదని అప్పటి వ్యవసాయ మంత్రి నరేంద్ర సింగ్ తోమర్ రాతపూర్వకంగా చెప్పారు. చదివి గుండె మండింది. కానీ అది అన్నీ కలిపేసిన ముద్ద జవాబు కాదు. స్పష్టంగా ‘లేదు’ అంది కాబట్టే వారం తిరిగేసరికి, డిసెంబరు 7న, పంజాబ్ ప్రభుత్వం పరిహారం ఇచ్చిన సుమారు 400 మంది రైతుల జాబితాను రాహుల్ గాంధీ లోక్‌సభ ముందుకు తెచ్చారు. చెడ్డ జవాబును ఎదుర్కోవచ్చు. కలిపేసిన జవాబును ఎదుర్కోవడానికి పట్టు దొరకదు.

‘వ్యవసాయం రాష్ట్రాల అంశం’ అన్న మొదటి వాక్యం గురించి కూడా ఒక మాట. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితా 14వ అంశం వ్యవసాయం, ఒప్పుకుంటాను. పోలీసు, శాంతిభద్రతలు కూడా అదే జాబితాలో ఉన్నాయి. పబ్లిక్ ప్రాసిక్యూటర్లను జిల్లాల్లో నియమించేదీ రాష్ట్రాలే. కానీ 2020లో మూడు సాగు చట్టాలు తెచ్చినప్పుడు ఉమ్మడి జాబితా 33వ అంశాన్ని ఆధారం చేసుకుని కేంద్రమే చట్టం చేసింది. చట్టం చేసే రోజు కేంద్రం పరిధి, లెక్క అడిగిన రోజు రాష్ట్రాల పరిధి అయితే రైతు ఎవరిని అడగాలి? పైగా ఆ చట్టాలు సభ ఆమోదం పొందిన 2020 సెప్టెంబరు సమావేశాల్లో కరోనా కారణంగా ప్రశ్నోత్తరాల సమయమే లేదు, రాతపూర్వక జవాబులే ఇచ్చారు. శీతాకాల సమావేశాలు అసలు జరగలేదు. రైతుల జీవితాలను మార్చే చట్టాలు వచ్చిన కాలంలో మంత్రిని నిలబెట్టి అడిగే గంట లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఆ అనుభవం తర్వాత నా వాడకం మారింది. భాగాలు ఎక్కువ ఉన్న ప్రశ్నలు రాయించడం మానేశాను. నమూనాల లెక్క వ్యవసాయ శాఖకు ఒక ప్రశ్నగా, శిక్షల సంగతి న్యాయ శాఖకో హోం శాఖకో వేరే ప్రశ్నగా వెళ్లాలి. ప్రశ్న చిన్నదైతే కలిపేయడానికి ఏమీ మిగలదు. రాజ్యసభలో కూడా అదే ప్రశ్న వేరే రోజు పడేలా చూస్తే రెండు జవాబులను పోల్చుకోవచ్చు. ఇంకో దారి కూడా ఉంది, దాన్ని ఎంపీలు ఇంకా ఎక్కువగా వాడాలి. లోక్‌సభ నియమాల్లో 55వ నియమం కింద అరగంట చర్చ అడగొచ్చు. నోటి జవాబే కాదు, రాతపూర్వక జవాబులో వాస్తవం విషయంలో వివరణ కావాలన్నా అది వర్తిస్తుంది. ముద్ద జవాబుకు ఇంతకంటే సరైన మందు నాకు కనబడలేదు. దానికి ఎంపీ పట్టుదల, స్పీకరు అనుమతి రెండూ కావాలి, మనలాంటివాళ్ల చేతిలో లేనివి అవే.

జవాబులన్నీ ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటాయి. రైతు సంఘం మీటింగులో చదవాలంటే ముందు రాత్రి కూర్చుని తెలుగులోకి రాసుకోవాలి. నాకు అలవాటైపోయింది గానీ కొత్తవాళ్లకు పెద్ద అడ్డంకే.

మరి వాడమని చెప్తానా? నాలాగా ఒకే అంశం మీద ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లకు, విలేకరులకు, పరిశోధన చేసే విద్యార్థులకు తప్పకుండా వాడమంటాను. పట్టికలు వేరెక్కడా దొరకవు. నా విషయంలో ఇంగ్లిషు చదవడం వచ్చు, ఎంపీ ఆఫీసు అందుబాటులో ఉంది, కోర్టు పని మధ్య తీరిక చేసుకోగలను. ఈ మూడూ లేనివాళ్లకు ఇదే మాట చెప్పగలనా అంటే చెప్పలేను. ఈ ఏడాది పంట పోయి పరిహారం కోసం తిరుగుతున్న రైతు అయితే పార్లమెంటు జవాబు కోసం ఆగొద్దు. విత్తన సంచి, దాని మీది లాట్ నంబరు, షాపు బిల్లు జాగ్రత్తగా దాచుకుని, పంట చేలో ఉండగానే ఏఓకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.