పక్షవాతం తర్వాత ఆహారం: ముక్కు గొట్టమా, పొట్ట గొట్టమా, ఏది మేలు?

పక్షవాతం వచ్చినవారిలో దాదాపు సగం మందికి మొదటి రోజుల్లో మింగడం కష్టమవుతుంది. అటువంటి రోగికి ప్రేమకొద్దీ చెంచాతో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెచ్చిపెట్టవచ్చు. ఏమీ పెట్టకుండా ఉంచితే కండ కరిగిపోయి, ఫిజియోథెరపీ చేయించుకునే ఓపిక కూడా మిగలదు. 2003లో వెలువడిన ‘ఫుడ్’ అనే అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం, ఆసుపత్రిలో చేరేనాటికే పోషణ లోపించినవారిలో 37 శాతం మంది పరిశీలన ముగిసేలోగా మరణించగా, సాధారణ పోషణ ఉన్నవారిలో అది 20 శాతమే. అందుకే మింగలేనివారికి గొట్టం ద్వారా ఆహారం ఇస్తారు. అది ముక్కు ద్వారానా, పొట్ట ద్వారానా అన్నదే కుటుంబాన్ని తికమక పెట్టే ప్రశ్న.

మన వార్డుల్లో అందరూ రైల్స్ ట్యూబ్ అని పిలిచే ముక్కు గొట్టాన్ని మంచం దగ్గరే నిమిషాల్లో వేయవచ్చు, అక్కర తీరగానే లాగేయవచ్చు. కాని అది ఊరికే జారిపోతుంది. తెలివి పూర్తిగా రాని రోగి దాన్ని పీకేసుకుంటాడు, మళ్లీ మళ్లీ వేయడంతో ముక్కులో పుండ్లు పడతాయి. పొట్టకు చిన్న రంధ్రం చేసి పెట్టే పెగ్ అనే పొట్ట గొట్టాన్ని 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గాడెరర్, పాన్‌స్కీ అనే వైద్యులు మొదటిసారి అమర్చారు. దీనికి ఎండోస్కోపీ (నోటి గుండా కెమెరా గొట్టం పంపి లోపల చూడటం) కావాలి, రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారి విషయంలో ముందే ఆలోచించాలి, గాయం దగ్గర చీము పట్టే అవకాశమూ ఉంది. ఒకసారి కుదురుకున్నాక మాత్రం ముఖానికి అడ్డు ఉండదు, చొక్కా కింద కనపడదు, ఇంట్లో వాడుకోవడం సులువు.

మరి ఏది మేలు? నా అభిప్రాయంలో మొదటి రెండు మూడు వారాలూ ముక్కు గొట్టమే మేలు. అదే అధ్యయనంలో భాగంగా 321 మంది రోగులపై ఈ రెంటినీ పోల్చి 2005లో ప్రకటించిన ఫలితాల్లో, తొందరపడి పెగ్ వేసినవారిలో మరణం లేదా తీవ్ర వైకల్యం 7.8 శాతం పాయింట్లు ఎక్కువగా కనిపించింది. చాలామందికి కొద్ది వారాల్లోనే మింగే శక్తి తిరిగి వస్తుంది కనుక, ఆపాటిదానికి పొట్టకు రంధ్రం అక్కరలేదు. అయితే నెల దాటినా మింగుడుపడని రోగికి, కడుపు కోయనివ్వమన్న భయంతో ముక్కు గొట్టాన్నే నెలల తరబడి సాగదీయడం మేలు కాదు. మింగడం కుదుటపడితే పెగ్‌ను కూడా తీసేయవచ్చునన్న సంగతి చాలా కుటుంబాలకు ఎవరూ చెప్పరు. ఏ గొట్టమైనా న్యుమోనియాను పూర్తిగా ఆపలేదన్నదీ గుర్తుంచుకోవాలి. ఉమ్మి, కడుపులోనుంచి పైకి తన్నే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకే పోసేటప్పుడు, ఆ తర్వాత కనీసం అరగంట వరకు, తలవైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి.

గొట్టం ఎంపికకంటే అందులో పోసేదాని మీదే నాకు ఎక్కువ పట్టింపు. మన ఇళ్లలో సాధారణంగా పోసేది రాగిజావ. గొట్టంలో దిగాలంటే పలుచగా కాచి వడకట్టాలి కాబట్టి, 200 మిల్లీలీటర్ల జావలో 20 గ్రాముల పిండికి మించదనుకుంటే, దానిలో మాంసకృత్తులు ఒకటిన్నర గ్రాములు. రోజుకు ఎనిమిదిసార్లు పోసినా 12 గ్రాములే. అరవై కిలోల మనిషికి కావలసింది రోజుకు 60 గ్రాములకు తగ్గదు. అంటే కడుపు నిండుతుంది, కండ మాత్రం కరుగుతూనే ఉంటుంది. ఇంటి ఆహారమే ఇవ్వదలిస్తే పాలు, మెత్తగా ఉడికించి రుబ్బిన పప్పు, ఉడికించిన గుడ్డు తెల్లసొన, కాస్త నూనె కలిపి, సన్నని జల్లెడలో వడకట్టాలి. పచ్చిగుడ్డు పోయకూడదు. మూత్రపిండాల జబ్బు, మధుమేహం ఉన్నవారికి ఈ కొలతలు మారతాయి.

డబ్బా పొడుల మాటకొస్తే, వాటిలో పోషకాల లెక్క ఖచ్చితంగా ఉంటుంది, గొట్టం అడ్డుపడటం తక్కువ, ఖర్చు మాత్రం ఎక్కువ. అయితే నోటితో తినగలుగుతున్న రోగులకు అదనంగా పోషక ద్రవం ఇచ్చి చూసిన 4,023 మంది పరీక్షలో, మరణాల్లో గాని వైకల్యంలో గాని చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వారిలో పోషణ లోపం ఉన్నవారు 8 శాతమే. కనుక బాగా తింటున్న మనిషికి డబ్బా కొనడం కంటే, బరువు తగ్గుతున్న మనిషికి కొనడమే సబబు. పోసిన ప్రతిసారీ ఆఖరున కాసిని గోరువెచ్చని నీళ్లతో గొట్టాన్ని కడగాలి, నిదానంగా కరిగే రకం మాత్రలను మాత్రం డాక్టరును అడగకుండా నలిపి పోయకూడదు.