జన్‌స్కారా, సియాంగా: వైజాగ్ వాళ్లకి ఏది మేలు?

రుషికొండలో కయాక్ తిప్పే కుర్రాళ్లు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు. నాలుగైదు రోజులు నది మీదే ఉండి, రాత్రిళ్లు ఇసుకలో పడుకునే రాఫ్టింగ్‌కి స్నేహితులతో వెళ్లాలంటే లడఖ్ మేలా, అరుణాచల్ మేలా అని. మా బ్యాచ్ రెండూ చూసొచ్చింది కాబట్టి చెప్తున్నా.

ఫొటోలకైతే లడఖ్‌లోని జన్‌స్కార్ నదే, అందులో వాదన లేదు. పదుం వైపు పడవెక్కితే నిమ్ము దగ్గర సింధులో కలిసేదాకా రెండు పక్కలా నిలువు కొండలే. జులై, ఆగస్టుల్లో వెళ్లాలి. ర్యాపిడ్లు, అంటే నీళ్లు రాళ్ల మధ్య ఉరికే చోట్లు, కష్టంలో మూడు, నాలుగు గ్రేడులు. 2024 మార్చిలో నిమ్ము–పదుం–దార్చా రోడ్డు కలిశాక పాత ఏకాంతం కొంత పోయిందని బాధపడేవాళ్లున్నారు. కానీ కాలు విరిగినవాణ్ణి మోసుకెళ్లాల్సి వస్తే ఆ రోడ్డే దేవుడు.

అరుణాచల్‌లోని సియాంగ్ అంటే టిబెట్‌లో సాంగ్‌పో, అస్సాంలో బ్రహ్మపుత్ర. చలికాలంలో టూటింగ్ నుంచి పాసీఘాట్ దాకా దిగుతారు. నాలుగో గ్రేడు అలలు, నీటి బరువు చాలా ఎక్కువ. కాగితం మీద ఇదే కష్టం. అయినా నా ఓటు దీనికే.

ఎందుకంటే నేను చూసేది ఒక్కటే: పడ్డాక ఏమవుతుంది? మనం సముద్రం ఈతగాళ్లం. అల వస్తుంది, ఊపిరి బిగబడితే దాటిపోతుంది. నదిలో అల ఉన్నచోటే ఉంటుంది, నీళ్లే దానిలోంచి పోతుంటాయి. కాబట్టి దాన్ని దాటాల్సింది మనమే, ఒడ్డు నుంచి విసిరిన తాడు పట్టుకోవాల్సిందీ మనమే. జన్‌స్కార్‌లో మావాడొకడు పడ్డాడు. తాడు సరిగ్గా ఛాతీ మీదే వచ్చి పడింది. కరిగిన మంచు నీళ్లలో నిమిషం కూడా కాలేదు, అప్పటికే వేళ్లు మడవలేకపోయాడు. తాడు అరచేతిలోంచి సబ్బులా జారిపోవడం ఒడ్డునుంచి చూశాను. చివరికి మోచేతికి చుట్టుకుని బయటపడ్డాడు. మెడకో నడుముకో చుట్టుకోలేదు, అదృష్టం. సియాంగ్‌లో నేనే పడ్డాను, దూరం కూడా ఎక్కువే కొట్టుకుపోయాను. నీళ్లు చల్లగానే ఉన్నాయి గానీ వేళ్లు మాట విన్నాయి. ర్యాపిడ్ అయ్యాక నెమ్మదైన నీళ్లు దొరికాయి, పడవ వచ్చి ఎత్తుకుంది.

పైగా జన్‌స్కార్‌కి వెళ్లేవాళ్లు దిగే లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. సముద్రమట్టం నుంచి ఎగిరి అక్కడ దిగితే రెండు రోజులు తలనొప్పితో మంచం మీదే. ఉన్న సెలవుల్లో అవి పోయినట్టే. సియాంగ్‌కి ఆ బాధ లేదు. వివేక్ ఎక్స్‌ప్రెస్ మన స్టేషన్ మీదుగానే డిబ్రూగఢ్ పోతుంది. బోగీబీల్ వంతెన దాటాక మాత్రం జీపులో ఒళ్లు హూనమే. అరుణాచల్‌లో అడుగుపెట్టడానికి కావాల్సిన అనుమతి, ఇన్నర్ లైన్ పర్మిట్, ముందే తీసుకోండి.

రిషీకేశ్ అంటారా, మంచిదే, కానీ పక్కనే రోడ్డు, హారన్లు. కర్ణాటకలోని దండేలి ఒక పూట సరదా. పాపికొండలు లాంచీ విహారం, లెక్కలోకి రాదు.

అయినా జన్‌స్కారే అనేవాళ్లు ఫిషింగ్ హార్బర్‌లో కాస్త ఐసు కొని బాల్చీ నీళ్లలో వేసి, రెండు నిమిషాలు చేతులు ముంచి, చొక్కా గుండీలు పెట్టుకుని చూడండి. పెట్టుకోగలిగితే ఆగస్టుకి లేహ్ టికెట్ తీసుకోండి.