రెండు వానాకాలాలు వాటర్‌ప్రూఫ్ షూస్‌తో పరుగెత్తాక

ఈ వాటర్‌ప్రూఫ్ రన్నింగ్ షూస్ కొని పదిహేను నెలలైంది. దాదాపు ఆరు వందల కిలోమీటర్లు తిరిగాను. కంపెనీ పేరు రాయను. నా కోపం ఒక కంపెనీ మీద కాదు, నీళ్లు దూరకుండా లోపల పొర వేసిన ఈ రకం షూస్ మీద. కుషన్, గ్రిప్, సైజు గురించి చాలామంది రాశారు కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. వీటిలోకి ఒకసారి వచ్చిన నీళ్లు బయటికి పోవు.

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో జరుగుతుంది. అంటే ప్రాక్టీసంతా వానల్లోనే. ఉద్యోగం, పిల్లల స్కూలు చూసుకుంటే నాకు దొరికేది తెల్లవారుజామున రెండు గంటలు. వానని మానేస్తే ఆ వారం పోయినట్టే. తడిసిన షూస్ మర్నాటికి ఆరవేమో అని భయం. అందుకే పోయినేడు జూన్‌లో, ఉన్న పాత మెష్ (గాలీ నీళ్లూ ఆడే వలలాంటి గుడ్డ) జత పక్కన పెట్టి, దానికి రెట్టింపు ధర పెట్టి ఇవి కొన్నాను.

మొదటి నెల ఎంత సంతోషపడ్డానో! కేబీఆర్ పార్కు చుట్టూ బయటి బాటలో తుంపర్లో ఒక రౌండు కొట్టి, ఇంటికొచ్చి షూ విప్పితే సాక్స్ పొడిగా ఉండేవి. మా గ్రూపులో కనిపించిన వాళ్లందరికీ కొనమని చెప్పాను, ఇద్దరు కొన్నారు కూడా. పోయినేడు హాఫ్ మారథాన్, 21.1 కిలోమీటర్లు, వీటితోనే పూర్తి చేశాను. ఆ రోజు వాన పడలేదన్న సంగతి మాత్రం అప్పుడు ఎవరికీ చెప్పలేదు. ‘పొడిగా ఉండేవి’ అన్న మాట కూడా కొంచెం సరిచేయాలి. ఉక్కపోత రోజుల్లో వాన లేకున్నా వేళ్ల దగ్గర చెమ్మ తగిలేది. చెమటే కదా అని వదిలేశాను.

ఈ ఏడు ఫుల్ మారథాన్‌కి, 42.195 కిలోమీటర్లకి, పేరిచ్చాను. జూలై చివరి ఆదివారం 26 కిలోమీటర్ల లాంగ్ రన్. నెక్లెస్ రోడ్‌లో మొదలుపెట్టి ఖైరతాబాద్ ఫ్లైఓవర్ ఎక్కి, పంజాగుట్ట మీదుగా జూబ్లీహిల్స్ వైపు వెళ్తున్నాం. ఎనిమిదో కిలోమీటరు దాటగానే కుండపోత. మొదటి పది నిమిషాలు పాదాలకు ఏమీ తెలియలేదు. తర్వాత పిక్కల మీద నుంచి కారే నీళ్లు సాక్స్ పట్టుకుని లోపలికి దిగడం మొదలైంది. ఒకచోట రోడ్డు పక్కన చీలమండ లోతు నీళ్లు నిలిచాయి, తప్పించుకునే దారి లేదు. ఆ నాలుగు అడుగులతో రెండు షూలూ నిండిపోయాయి.

అడుగు వేస్తే చప్‌మని శబ్దం, వేళ్ల మధ్య నీళ్లు అటూ ఇటూ కదలడం. మూసి ఉన్న ఒక టీ కొట్టు రేకుల కింద ఆగి షూ విప్పి వంచితే గ్లాసుడు నీళ్లు పడ్డాయి. సాక్స్ పిండుకుని మళ్లీ లేసులు కట్టుకున్నాను. పది నిమిషాల్లో అదే పరిస్థితి. 19 కిలోమీటర్ల దగ్గర అరికాలి వంపులో మంట మొదలైంది, 22 దగ్గర నడక. చివరి నాలుగు కిలోమీటర్లు షూస్ చేత్తో పట్టుకుని పోదామా అనిపించింది, కానీ ఆ నీళ్ల కింద గాజుపెంకులుంటాయని భయం. ఇంటికొచ్చి చూస్తే పాదాలు నాని తెల్లగా ముడుచుకుపోయాయి. ఎడమ బొటనవేలి కింద రూపాయి బిళ్లంత బొబ్బ. షూను వంటింట్లో తూకం మీద పెడితే 540 గ్రాములుంది. పొడిగా ఉన్నప్పుడు 318. న్యూస్‌పేపర్లు కుక్కి, తడిసినప్పుడల్లా మారుస్తూ, ఫ్యాను కింద పెడితే ఆరడానికి మూడు రోజులు పట్టింది. ఆరబెట్టే బాధ ఉండదనే కదా నేను ఇవి కొన్నది! మారథాన్‌కి నెల రోజుల ముందు పది రోజులు పరుగు లేకుండా కూర్చున్నాను. ఏడుపొచ్చింది.

మా గ్రూపులో అరవై దాటిన ఒకాయన ఉన్నారు, అందరం బాబాయ్ అంటాం. ఆయన మామూలు మెష్ షూ మీద సగం బాటిల్ నీళ్లు పోసుకుని నా ముందే ఇరవై అడుగులు పరుగెత్తారు. అడుగు పడ్డప్పుడల్లా పక్కల నుంచి నీళ్లు చిమ్మాయి. “వానలో నీళ్లు రాకుండా ఆపలేవమ్మా. వచ్చినవి పోయే దారుందా లేదా చూసుకో” అన్నారు. ఆ పొర సంగతీ ఆయనే చెప్పారు. దాని రంధ్రాల్లోంచి నీటి చుక్క దూరదు, చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది. కానీ పైగుడ్డ నాని, గాలిలోనూ తేమ నిండితే ఆవిరి పోవడం కూడా బాగా తగ్గిపోతుంది. మన వానాకాలం అచ్చంగా అలాంటిదే. నా సాక్స్ చూసి మాత్రం కోప్పడ్డారు. మందపాటి కాటన్‌వి వేసుకున్నాను. కాటన్ నీళ్లు పట్టి ఉంచుతుంది. కాబట్టి ఆ బొబ్బల్లో కొంత తప్పు నాదే, మొత్తం షూస్ మీద వేయలేను.

మారథాన్‌కి పాత మెష్ జతే వేసుకున్నాను. పల్చటి నైలాన్ సాక్స్, వేళ్ల మధ్య, మడమకి దండిగా వాజలీన్, కళ్లలోకి నీళ్లు రాకుండా అంచున్న టోపీ. పన్నెండో కిలోమీటరు దగ్గర జల్లు పట్టుకుంది. పాదాలు తడిశాయి, ఒక కిలోమీటరు బరువుగా అనిపించాయి, తర్వాత తేలికయ్యాయి. మళ్లీ తడిశాయి, మళ్లీ తేలికయ్యాయి. పరుగు ముగిసే గచ్చిబౌలి స్టేడియంలోకి వెళ్లేసరికి చిటికెన వేలికి చిన్న బొబ్బ, అంతే. కానీ అడుగు అరిగిన షూ కావడంతో ఫ్లైఓవర్ల మీద ఇనుప జాయింట్ల దగ్గర, రోడ్డు మీద తెల్ల గీతల దగ్గర రెండుసార్లు జారబోయాను. ఆ పట్టు విషయంలో వాటర్‌ప్రూఫ్ జతే నయం, ఒప్పుకోవాలి.

వీటిని అమ్మేయలేదు. తుంపర్లో ఐదారు కిలోమీటర్లకి, వానలో కూరగాయలకి వెళ్లడానికి ఇప్పటికీ ఇవే. నా మాట విని కొన్న ఇద్దరిలో ఒకామె ఐదు కిలోమీటర్లు దాటి పరుగెత్తదు, ఆమెకి ఏ ఇబ్బందీ లేదు. సియాటిల్‌లో ఉన్న మా చెల్లెలికీ ఈ రకమే ఇష్టం, అక్కడ చలి, సన్నటి జల్లు. నాకు చెమట ఎక్కువ, నా పరుగు నెమ్మది, నీళ్లలో ఎక్కువసేపు ఉంటాను. చురుగ్గా రెండు గంటల్లో హాఫ్ ముగించే వాళ్లకి నాకైనంత బాధ ఉండకపోవచ్చు. కొన్న రెండో ఆవిడ వచ్చే ఏడు ఫుల్‌కి సిద్ధమవుతోంది. ఆమెకి మాత్రం ఫోన్ చేసి, జూలైలోపు ఒక మెష్ జత కూడా కొనుక్కుని, కనీసం రెండు పెద్ద వానల్లో తడిపి చూసుకోమని చెప్పాను.