రేకు మీది బ్యాచ్ నంబరు: ఒక కండోమ్ ప్యాకెట్‌పై సమీక్ష

మేము మూడేళ్లుగా ఒకే రకం లేటెక్స్ కండోమ్ వాడుతున్నాం. రెండు నెలల క్రితం ఒకటి చిరిగింది. పలుచదనానికీ, వాసనకూ, పైన పూసిన కందెనకూ అంతవరకు మేము వంక పెట్టింది లేదు, ఇప్పుడూ పెట్టడం లేదు. అయినా ఈ సమీక్షలో ఆ గుణాల గురించి తక్కువగా, పెట్టెలో మడిచి పెట్టిన కరపత్రం గురించీ రేకు మీద అచ్చొత్తిన అంకెల గురించీ ఎక్కువగా రాస్తున్నాను. సరుకు విఫలమైన రోజున తయారీదారు బాధ్యత ఎంతవరకో తేల్చడానికి వాడకందారు చేతిలో మిగిలేవి ఆ రెండే. తప్పు తయారీలోనే జరిగిందని రుజువు చేసే ఆధారం నా దగ్గర లేదు గనుక సంస్థ పేరు రాయడం లేదు.

కరపత్రంలో రెండో పేరాలోనే ‘ఏ గర్భనిరోధక సాధనమూ నూటికి నూరు శాతం రక్షణ ఇవ్వదు’ అన్న వాక్యం ఉంది. దాని కిందనే, సరిగ్గా వాడితే 98 శాతం రక్షణ ఉంటుందని రాశారు. ఈ అంకె సరైనదే. కానీ మనుషులు నిత్యజీవితంలో వాడే తీరును బట్టి లెక్కిస్తే, కండోమ్ మీదే ఆధారపడిన ప్రతి 100 మంది స్త్రీలలో ఏడాదికి సుమారు 13 మంది గర్భం దాలుస్తారు. ఈ రెండో అంకె కరపత్రంలో ఎక్కడా కనిపించదు. దీన్ని చిన్న లోపమని నేను అనుకోవడం లేదు.

‘నూటికి నూరు శాతం రక్షణ ఇవ్వదు’ అన్న ఆ మొదటి వాక్యానికి న్యాయస్థానంలో ఎంత బలం ఉందో 2000లో ఇంగ్లండ్ హైకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చదివితే తెలుస్తుంది. కండోమ్ చిరిగి గర్భం వచ్చిన ఒక మహిళ, 1987 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద తయారీదారుపై దావా వేశారు. ఆ చట్టంలో నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కరలేదు, సరుకులో లోపం ఉందని చూపితే చాలు. అయినా ఆమె ఓడిపోయారు. కండోమ్‌లు ఒక్కోసారి కారణం తెలియకుండానే చిరుగుతాయనీ, ఎన్నటికీ చిరగవని తయారీదారు ఏనాడూ చెప్పలేదనీ, కాబట్టి చిరగడం ఒక్కటే లోపానికి రుజువు కాదనీ కోర్టు తేల్చింది. దాచి ఉంచిన ఆ కండోమ్ మీద కనిపించిన ఓజోన్ దెబ్బ (గాలిలోని ఓజోన్ వాయువు రబ్బరును పాడుచేసిన గుర్తు) కూడా వాడిన తర్వాత తగిలినదేనని నిర్ణయించింది. విఫలం కావడం వేరు, లోపంతో తయారు కావడం వేరు. రెండోదానికే తయారీదారు జవాబుదారీ.

ఉన్నదాని కంటే గొప్పగా చెప్పుకున్నవారికి మాత్రం ఆ రక్షణ దొరకదు. 1971లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన డాల్కన్ షీల్డ్ అనే గర్భాశయ సాధనంతో గర్భం వచ్చే అవకాశం నూటికి 1.1 మాత్రమేనని ప్రచారం చేశారు. నిజానికి అది అంతకు చాలా ఎక్కువ. అనేక పోగులతో పేనిన దాని దారం సూక్ష్మక్రిములను గర్భాశయంలోకి చేరవేసింది. 1974లో అమ్మకం ఆపేశారు, దావాల వెల్లువకు తయారీ సంస్థ 1985లో దివాలా పిటిషన్ వేసింది. ఇక 2012లో ఫైజర్ సుమారు పది లక్షల గర్భనిరోధక మాత్రల ప్యాకెట్లను వెనక్కి పిలిపించిన ఉదంతంలో, మందున్న మాత్రలూ మందు లేని మాత్రలూ వరుస తప్పాయి. అక్కడ తయారీ లోపం కళ్లకు కనిపిస్తుంది.

కండోమ్‌లో అలా కనిపించదు. కండోమ్‌లకు వర్తించే ఐఎస్ఓ 4074 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ప్రతి లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నుంచి కొన్ని నమూనాలను తీసి, గాలి నింపి పగలగొడతారు, 300 మిల్లీలీటర్ల నీరు పోసి వేలాడదీసి చిల్లులు వెతుకుతారు. చిల్లుల విషయంలో ఆ ప్రమాణం పెట్టిన అంగీకార పరిమితి 0.25 శాతం. పరీక్షలో నెగ్గిన లాట్‌లోనూ లోపమున్నది ఉండవచ్చునని ప్రమాణమే ఒప్పుకుంటున్నదన్నమాట. అది మన చేతికే వచ్చిందని చూపాలంటే కండోమ్‌నూ రేకునూ పారేయకుండా దాచుకోవాలి. ఈ మాట ఏ కరపత్రంలోనూ నాకు కనిపించలేదు.

చిరిగిన రాత్రి మాకు ముందుగా గుర్తొచ్చింది దావా కాదు, అత్యవసర గర్భనిరోధక మాత్ర. లెవోనార్జెస్ట్రెల్ మాత్రను 72 గంటల్లోపు, వీలైనంత త్వరగా వేసుకోవాలి. అయిదు రోజుల్లోపు కాపర్‌టీ వేయించుకునే మార్గమూ ఉంది. చిరిగితే ఏం చేయాలో చెప్పే చోట కరపత్రంలో ‘వైద్యుని సంప్రదించండి’ అని మాత్రమే ఉంది. గంటలు లెక్కపెట్టుకోవలసిన వేళ గడువు చెప్పని సలహా సరిపోదు. పైగా నష్టం తగ్గించుకునే ప్రయత్నం చేశారా అని, రేపు దావా వేస్తే ఆ వాడకందారునే ప్రశ్నిస్తారు.

సంస్థకు ఫిర్యాదు చేశాను. ఎండ తగిలే చోట పెట్టారా, నూనెగానీ వాజలిన్‌గానీ వాడారా, గడువు తేదీ దాటిందా అని అడిగారు. లేటెక్స్‌ను నూనె బలహీనపరుస్తుంది గనుక ఆ ప్రశ్నలు న్యాయమైనవే. తర్వాత బ్యాచ్ నంబరు అడిగారు. పెట్టెను ఎప్పుడో పారేశాం, మిగిలింది రేకు ఒక్కటే. చింపడానికి వీలుగా రేకు అంచున పెట్టిన గాటు సరిగ్గా నంబరు పక్కనే ఉండడంతో, చింపినప్పుడు చివరి రెండు అంకెలు చెరో ముక్కలోకి పోయాయి. రెండు ముక్కలనూ కలిపి అతికించి, ఫొటో తీసి పంపాను. వారం తర్వాత ఆ బ్యాచ్ అన్ని పరీక్షల్లో నెగ్గిందన్న ఉత్తరం, దానితోపాటు కొత్త పెట్టె ఒకటి వచ్చాయి.

సరుకు మీద నాకు నమ్మకం పోలేదు, ఇప్పటికీ అదే వాడుతున్నాం. కరపత్రానికి మాత్రం సగం మార్కులకు మించి ఇవ్వలేను. గాటును నంబరుకు అవతలి అంచుకు మార్చమనీ, 72 గంటల మాట ముద్రించమనీ మళ్లీ రాశాను. కొత్త పెట్టెలోని రేకుల మీద కూడా గాటు నంబరు పక్కనే ఉంది. ఆ రెండో ఉత్తరానికి ఇంకా జవాబు రాలేదు.