"లోయలో నడకే కదా" అని మంచు ట్రెక్ అమ్ముతున్నారు, జాగ్రత్త

నల్లగొండలో మంచు ఫొటోలతో స్టేటస్‌లు పెట్టి ఉత్తరాఖండ్‌ ఉత్తరకాశీ జిల్లాలోని హర్ కీ దూన్ లోయ ట్రెక్ ప్యాకేజీ అమ్మేది ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. నిన్ననే తిరిగొచ్చాం. పైసలు పోయాయి, ఒళ్లింకా మండుతూనే ఉంది.

బుక్ చేసే ముందే మంచు చరియల గురించి అడిగాను. "అన్నా, ఇది శిఖరం ఎక్కేది కాదు, లోయలో నడకే. టెన్షన్ ఏం లేదు" అన్నాడు. పచ్చి అబద్ధం. చరియ పైన విరుగుతుంది, కానీ వచ్చి పడేది లోయలోనే. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా రోడ్డు మీద చనిపోయిన ఏడుగురు మామూలు పర్యాటకులు. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ దగ్గర మాణాలో మంచు ముంచేసింది క్యాంపులో ఉన్న రోడ్డు కార్మికులను. 8 మంది పోయారు.

మేం వెళ్లేసరికి బాగా మంచు కురిసి ఆగింది. దారిలో ఓస్లా అనే ఊరు దాటాక మా తమ్ముడి కాలి కింద 'ధబ్' మని శబ్దం వచ్చింది, మంచులో సన్నటి పగులు పక్క వాలు వైపు పాకింది. గైడ్ అందర్నీ ఆపేశాడు. కర్రతో తవ్వి చూపించాడు: పైన గట్టి పొర, దాని కింద పంచదారలా జారిపోయే పలుకులు. అలాంటి దాని మీద కొత్త మంచు బరువు పడితే మొత్తం పలక ఊడొస్తుందని చెప్పి, వెనక్కి తిప్పాడు. ఆ అబ్బాయికి చేతులెత్తి దండం పెట్టాలి. మా దగ్గర బీకన్ (మంచులో కూరుకున్న మనిషి ఎక్కడున్నాడో సిగ్నల్‌తో చెప్పే పరికరం) లేదు, పార లేదు. మంచులో కూరుకున్న మనిషిని పావుగంటలోపు తీయకపోతే బతికే అవకాశం బాగా పడిపోతుంది. అక్కడికి బయటి సాయం రావాలంటే గంటలు పడుతుంది.

అసలు మోసం మేం వెనక్కి సాంక్రీ (ట్రెక్ మొదలయ్యే ఊరు) చేరాక బయటపడింది. చండీగఢ్‌లోని డీజీఆర్‌ఈ అనే, మంచు చరియల మీద పనిచేసే రక్షణ పరిశోధన సంస్థ ఉత్తరకాశీ జిల్లాకు ఇచ్చిన చరియల హెచ్చరికను మేం బయల్దేరే ముందు రోజు సాయంత్రమే ప్యాకేజీ అమ్మినాయనకు ఫోన్ చేసి చెప్పానని గైడ్ అన్నాడు. అంటే తెలిసే పంపాడు! నేను ఫోన్ చేసి నిలదీస్తే ఏమన్నాడో తెలుసా? "మంచు చూడనీకే కదా పోయింది? భయమైతే భువనగిరి గుట్ట ఎక్కుండ్రి." పక్కనే ఉన్న మా మేనల్లుడు ఆ మాట విన్నాడు. వాడికి ఇంకా మీసాలే రాలేదు. వాడి ప్రాణం అంత చులకనా?

అంతటితో ఆగలేదు. 'సొంత ఇష్టంతో వెనక్కి వచ్చాం, డబ్బు అడగం' అని ఒక కాగితం వాట్సాప్‌లో పంపి, సంతకం పెడితేనే డెహ్రాడూన్‌కు బండి అన్నాడు. మేం పెట్టలేదు. వేరే జీపు మాట్లాడుకుని మా ఖర్చుతో వచ్చాం. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను, జిల్లా కమిషన్‌కూ వెళ్తాను.

వెళ్లాలనుకునేవాళ్లు డీజీఆర్‌ఈ, వాతావరణ శాఖ హెచ్చరికలు మీరే చూసుకోండి. హెచ్చరిక వస్తే ట్రిప్ ఎవరు ఆపుతారు, పైసలు ఎంత వెనక్కిస్తారు, ముందే రాయించుకోండి. అలాంటి కాగితాల మీద సంతకం మాత్రం పెట్టొద్దు.

ఈ ఉదయం మళ్లీ అదే ఫొటోతో కొత్త బ్యాచ్ స్టేటస్ పెట్టాడు. మహబూబ్‌నగర్ నుంచి కాలేజీ పిల్లలు పేర్లిస్తున్నారట. మీకు తెలిసినవాళ్లు ఉంటే ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.