సముద్రపు గాలిలో చెక్క పందిరి: మూల కర్రలు, బోల్టులతో ఆరేళ్ల అనుభవం

విశాఖపట్నం సాగర్‌నగర్‌లో మా ఇంటి పెరట్లో 2016లో వేయించిన చెక్క పందిరి 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉంటుంది. నాలుగంగుళాల చదరపు టేకు గుంజలు నాలుగు, వాటి తలలను కలుపుతూ చుట్టూ నాలుగు దూలాలు, పైన రీపర్లు, ఆ రీపర్లనంతా కమ్మేసిన రాధామనోహరం తీగ. 2019లో ఈ పందిరికి గుంజకూ దూలానికీ మధ్య ఏటవాలుగా పడే ఎనిమిది మూల కర్రలు, స్టీలు బోల్టులు, గుంజల కింద ఇనుప పాదాలు బిగించాము. అవి ఇన్నాళ్లు ఎలా నిలిచాయన్నదే ఈ సమీక్ష.

మొదటి రెండేళ్లు పందిరి కొద్దిగానే ఊగేది. తీగ గుబురెక్కి, వాన నీటిని పట్టుకుని బరువెక్కిన తరువాత, మధ్యాహ్నం సముద్రం మీదుగా గాలి లేచినప్పుడల్లా పందిరంతా ఒక పక్కకు ఒరిగి మళ్లీ నిలబడేది. దూలం నుంచి దారానికి గుండు కట్టి వేలాడదీసి, గుంజను చేత్తో నెట్టి చూస్తే నేల మీద గీసిన గుర్తు నుంచి రెండు అంగుళాలు జరిగింది. అప్పటికి నాకు తోచినది మేకులు, పట్టీలు పెంచడమే. ప్రతి మూలకూ ఎల్ ఆకారపు పట్టీలు తెచ్చి అంగుళం స్క్రూలతో బిగించాను. నెల రోజులు బాగానే ఉంది. ఊగులాటకు స్క్రూ బెజ్జాలు వదులై, కర్ర పొడి రాలడం మొదలైంది. ప్రహరీ గోడకు తీగతో లాగి కట్టడం కూడా ప్రయత్నించాను గానీ, గోడలోని కొక్కెమే ఊడి వచ్చింది.

ఈలోగా మరో సమస్య బయటపడింది. గుంజలను అడుగున్నర లోతున కాంక్రీటులో పాతించాము. కాంక్రీటులోంచి గుంజ పైకి వచ్చే చోట స్క్రూడ్రైవరు గుచ్చితే అంగుళం లోపలికి దిగిపోయింది. పూర్తిగా మట్టిలో ఉన్న కర్రకు గాలి తక్కువ, పైనున్న కర్రకు తడి తక్కువ. రెండూ కలిసేది ఆ నేలమట్టం దగ్గరే కనుక కుళ్లు కూడా అక్కడే మొదలవుతుంది. అందువల్ల గుంజలను నేలకు పైన కోయించి, మిగిలిన గుంజ అడుగును కాంక్రీటుకు రెండు అంగుళాల ఎత్తున పట్టుకునే యు ఆకారపు జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పాదాలలో నిలబెట్టించాను. కుళ్లు ఆగింది. కానీ పందిరి మునుపటికంటే ఎక్కువగా ఊగడం మొదలుపెట్టింది. అంతకు ముందు గుంజ నిటారుగా నిలబడడానికి పాతిన భాగమే కొంత బలాన్నిచ్చేదన్న సంగతి, దానిని కోసేసిన తరువాత గాని నాకు తెలియలేదు.

"మేకులు ఎన్ని కొట్టినా ఊగుతాదండీ, మూలకి కర్ర పడాలి" అన్నారు కంచరపాలెం నుంచి వచ్చిన వడ్రంగి మేస్త్రి. ఆయన నాలుగు అగ్గిపుల్లలను చతురస్రంగా పెట్టి వేలితో నెట్టి చూపించారు. అది ఇట్టే పక్కకు పడిపోయింది. మూడు పుల్లలతో చేసిన త్రికోణం మాత్రం కదలలేదు. గుంజకూ దూలానికీ మధ్య ఏటవాలుగా కర్ర వేస్తే ప్రతి మూలా ఒక త్రికోణమవుతుంది. మేము గుంజ మీద రెండడుగులు, దూలం మీద రెండడుగులు కొలిచి, 34 అంగుళాల కర్రలను ఒక్కొక్క గుంజకు రెండు వైపులా చొప్పున ఎనిమిదింటిని వేయించాము. పాత ద్వారబంధపు టేకును మూడంగుళాల వెడల్పు, రెండంగుళాల మందంతో కోయించడం వల్ల కర్ర ఖర్చు కలిసి వచ్చింది. పని అయిన సాయంత్రం మళ్లీ గుండు కట్టి నెడితే కదలిక పావు అంగుళానికి మించలేదు. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో కొమ్మలు విరిగిపడ్డాయి. పందిరి మీద తీగ చిరిగింది గాని చట్రం చెక్కు చెదరలేదు.

బోల్టుల విషయంలో మాత్రం నాకు సంతృప్తి లేదు. 10 మిల్లీమీటర్ల బోల్టులు పదహారు కావలసి వచ్చాయి. ఒక దుకాణంలో ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) అని చెప్పి అమ్మినవి సంక్రాంతి నాటికే తుప్పు పట్టి, కర్ర మీద నల్లని చారలు దించాయి. తరువాత స్టెయిన్‌లెస్ స్టీలులోనే 316 అనే రకం తెప్పించాను. 304 అనే రకం కూడా మంచిదే అయినా, ఉప్పు గాలికి దానిపై గోధుమ రంగు మరకలు పడతాయి. 316లో మాలిబ్డినం అనే లోహం కలుస్తుంది కనుక ఆ బాధ తక్కువ. అయస్కాంతం పెట్టి చూస్తే సరిపోతుందనుకునేవారు గమనించవలసినది ఏమిటంటే, ఆ పరీక్ష ఈ రెండింటి మధ్య తేడాను చెప్పదు. జీఐ పాదాలకు పూత పడిన తరువాత బెజ్జాలు వేయించడం నా పొరపాటు. తుప్పు సరిగ్గా ఆ బెజ్జాల అంచుల వద్దనే మొదలైంది.

ఒక కర్ర నిలువునా చీలింది. దాని చివరకు అంగుళం దూరంలోనే బెజ్జం వేయడమే కారణం. కొత్త కర్రకు మూడు అంగుళాలు వదిలాము. నట్ల కింద పెద్ద వాషర్లు తప్పనిసరి, లేకపోతే నట్టు కర్రలోకి దిగిపోతుంది. మొదటి వేసవిలో కర్ర ఎండి సన్నబడడంతో అన్ని నట్లనూ పావు చుట్టు బిగించాల్సి వచ్చింది, ఆ తరువాత ఏడాదికొకసారి బిగిస్తే చాలుతోంది. చెదకు జీడి పిక్కల తొక్కల నుంచి తీసిన నూనె పూస్తున్నాము.

ఇక మిగిలినవి చిన్న ఇబ్బందులు. మూల కర్ర కింది చివర గుంజను ఆనుకునే సందులో రాలిన పువ్వులు చేరి తడి నిలుస్తుంది, వానాకాలంలో వారానికోసారి చీపురు పుల్లతో తీయాలి. కర్ర కింది చివర నేల నుంచి ఆరడుగుల ఎత్తునే ఉండడం వల్ల మా మేనల్లుడికి వచ్చినప్పుడల్లా తల తగిలేది. ఆ కర్రకు ఒక ఎర్రగుడ్డ ముక్క కట్టి ఉంచాము.