అద్దె సాయమా, బిల్డర్ వాటానా, నగరం సొంత స్థలమా: ఏది మేలు?

తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు నగర పాలక సంస్థ అద్దెలో సాయం చేయడం మేలా, లేక ఇళ్లు కట్టించడం మేలా అన్న ప్రశ్న పాఠకుల నుంచి నాకు పదే పదే వస్తోంది. ఇళ్లు ఎందుకు ప్రియమయ్యాయో అందరికీ తెలిసిందే కనుక ఆ జోలికి పోకుండా, ప్రధానమైన మూడు మార్గాలను పక్కపక్కన పెట్టి చూస్తాను. నేను వాడే కొలబద్ద ఒక్కటే: ఈ రోజు పెట్టిన ఖర్చుతో వచ్చిన ఇళ్లలో ఎన్ని ముప్పై ఏళ్ల తర్వాత కూడా అదే ఆదాయ వర్గానికి అందుబాటులో ఉంటాయి?

అద్దె సాయానికి ఉన్న బలం వేగం. ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసు అందుకున్న కుటుంబానికి మూడేళ్లకు లేచే భవనం వల్ల ఒరిగేదేమీ లేదు. అయితే ఖాళీ ఇళ్లు అరుదుగా దొరికే నగరంలో అద్దెదారులందరి చేతికీ అదనంగా కొంత డబ్బు అందితే, అందులో కొంత అద్దె పెంపు రూపంలో యజమానులకే చేరుతుంది. పైగా సాయం ఆగిన నెల నుంచి నగరానికి మిగిలేదేమీ ఉండదు.

పెద్ద భవనానికి అనుమతి ఇచ్చేటప్పుడు అందులో కొన్ని ఇళ్లను తక్కువ ధరకు ఇవ్వాలని బిల్డర్‌కు షరతు పెట్టడం రెండో మార్గం. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని మాంట్‌గమరీ కౌంటీ 1974లోనే దీన్ని చట్టం చేసింది. ఖజానాపై భారం తక్కువ, సంపన్నుల పేటల్లోనూ సామాన్యులకు చోటు దొరుకుతుంది. చిక్కంతా గడువుతోనే వచ్చింది. తొలినాళ్లలో ధర నియంత్రణ కొద్ది ఏళ్లకే ముగిసిపోవడంతో అలా వచ్చిన ఇళ్లు ఒక్కొక్కటిగా మామూలు మార్కెట్‌లో కలిసిపోయాయి. చివరకు 2005లో ఆ గడువును అమ్మకపు ఇళ్లకు 30 ఏళ్లకు, అద్దె ఇళ్లకు 99 ఏళ్లకు పెంచవలసి వచ్చింది. నిర్మాణ రంగం మందగిస్తే ఈ వాటా కూడా ఆగిపోతుందని వేరే చెప్పనక్కరలేదు.

మూడో మార్గంలో నగరం తన స్థలాన్ని అమ్మదు. తానే కట్టి అద్దెకిస్తుంది, లేదా లాభంపై పరిమితి ఉన్న సంస్థకు దీర్ఘకాలిక లీజుకు ఇస్తుంది. నా మొగ్గు ఇటువైపే, కారణం అద్దె లెక్కలో ఉంది. అలాంటి భవనంలో నెల అద్దెకు మూడు పద్దులే ఉంటాయి: నిర్మాణపు అప్పు కిస్తీ, నిర్వహణ ఖర్చు, స్థలానికి కట్టే లీజు. మార్కెట్‌లో భవనం చేతులు మారిన ప్రతిసారీ కొన్నవారు కొత్త ధరకు కొత్త అప్పు తెస్తారు, ఆ కిస్తీ అద్దెదారు నెత్తిన పడుతుంది. ఇక్కడ భవనం చేతులు మారదు కనుక అప్పు ఒక్కసారే తీరుతుంది. ఆస్ట్రియాలోని పరిమిత లాభ సంఘాల ఇళ్లలోనైతే అప్పు తీరాక అద్దె చట్టం నిర్ణయించిన మూల స్థాయికి దిగుతుంది.

వియన్నా నగరం 1923లో గృహ నిర్మాణ పన్ను విధించి, 1934 నాటికి 60,000కు పైగా ఇళ్లు కట్టింది. వాటిలో 1930లో పూర్తయిన కార్ల్ మార్క్స్ హోఫ్ కిలోమీటరుకు పైగా పొడవున్న భవనం; 1,382 ఇళ్లతో పాటు ఉమ్మడి చాకిరేవులు, పిల్లల బడులు అందులోనే కట్టారు. అది నేటికీ నగరం ఆస్తే, అద్దెకున్నవారూ సామాన్యులే. అందుకు భిన్నంగా బెర్లిన్ 2004లో దాదాపు 65,000 ఇళ్లున్న తన సంస్థను, దాని అప్పులతో సహా, 40.5 కోట్ల యూరోలకు అమ్మేసింది. 2021లో 15,000 కన్నా తక్కువ ఇళ్లను ప్రైవేటు కంపెనీల నుంచి కొనడానికి దాదాపు 246 కోట్ల యూరోలు చెల్లించింది.

ఈ మార్గానికి లోపాలు లేకపోలేదు. స్థలం అమ్మితే ఈ ఏడాది వచ్చే సొమ్మును నగరం వదులుకోవాలి, కేటాయింపు జాబితాలు ఏళ్ల తరబడి సాగుతాయి, రాజకీయ ఒత్తిడికి లొంగి నిర్వహణ ఖర్చు కన్నా తక్కువ అద్దె నిర్ణయిస్తే లిఫ్టులు, నీటి పైపులు పాడై భవనం పాడుబడుతుంది.

ఇక అద్దెపై గరిష్ఠ పరిమితి విధించడం ఇప్పటికే అద్దెకున్నవారికి ఊరటేగాని, కొత్త ఇల్లు ఒక్కటీ కట్టదు. 2020లో బెర్లిన్ తెచ్చిన పరిమితిని మరుసటి ఏడాదే రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. అంతస్తుల నిబంధనలు సడలించడం అవసరమే, అట్టడుగు ఆదాయం వారికి మాత్రం దాని ఫలితం చేరడం చాలా ఆలస్యం.

తమ నగరం చేతిలో స్థలమే లేదనేవారు ముందుగా పాత బస్సు డిపోలు, మూతపడ్డ కార్యాలయాల వేలాన్ని ఆపించాలి. ఆ తర్వాత, కొత్త రైలు మార్గం ఖరారై ధరలు పెరగకముందే దాని వెంట స్థలాలు కొనాలి. వియన్నా 1984లో ప్రత్యేక నిధి నెలకొల్పి స్థలాలు సమకూర్చుకుంటూ వస్తోంది. ఆ స్థలాల్లో ఇళ్లు లేచేదాకా, నోటీసు అందుకున్న కుటుంబాలకు అద్దె సాయం అందుతూనే ఉండాలి.